ఐదొందల పన్నెండు మందిలో మా బావ

డబ్బు తీసుకుని ఏ గుర్రం గెలుస్తుందో చెబుతామనే వాళ్ళ గురించి ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే ఒకటే మాట చెబుతాను. దొంగలు. ఎందుకని అడిగితే వివరిస్తాను. అడగకపోతే ఇంకా మంచిది. కానీ రెండేళ్ళ కింద ఇదే ప్రశ్న మొదటిసారి నా ముందుకొచ్చినప్పుడు నేనీ మాట అనలేదు. కాగితం తీసుకుని, కాలు మీద కాలేసుకుని, నవ్వుతూ లెక్క వేశాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నేను సూర్యాపేటలో ప్రభుత్వ బడిలో లెక్కల టీచరును. మా అక్కను వేములపల్లి దగ్గరి ఊరికి ఇచ్చారు. బావ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో వడ్లు చూసే పని చేస్తాడు. ట్రాక్టరు మిల్లు గేటు దాటి లోపలికి రాగానే ఎక్కి, మోచేయి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగు నుంచి గుప్పెడు వడ్లు తీస్తాడు. అరచేతిలో నలిపి, తాలు ఊదేసి, ఒక గింజ పళ్ళ మధ్య పెట్టి కొరుకుతాడు. ఆ చప్పుడును బట్టి తేమ ఎంతో చెప్పేస్తాడు. మిషన్ పెట్టి చూస్తే అటూ ఇటూగా అంతే ఉంటుంది. రైతు గానీ దళారీ గానీ మచ్చు తీసి చేతికివ్వబోతే ముట్టడు. "నువ్వు తీసిచ్చిన మచ్చు నాకెందుకే? నా చెయ్యి నేనే పెడ్త" అంటాడు. పాతికేళ్ళుగా ఇదే మాట. మా ఇంటికొచ్చి కూరలో ఉప్పు చూడమన్నా గరిటె తన చేతికే ఇమ్మంటాడు.

ఇక అక్క గొర్రెల సంగతి చెప్పాలి. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. మా వాళ్ళల్లో ఆడపిల్ల అత్తారింటికి పోతుంటే అరణంగా కొన్ని గొర్రెలను తోలి ఇస్తారు. వాటి చెవికి పుట్టింటి గాటు ఉంటుంది. అవీ, వాటికి పుట్టినవీ ఆమె సొంతం. ఆమె నోటితో సరే అనకుండా మొగుడు కూడా ఒక్క పిల్లను అమ్మడానికి లేదు. ఐదు గొర్రెలతో పోయిన మా అక్క వాటిని దొడ్డి నిండా చేసింది. నా బీఎడ్ ఫీజు కూడా ఆ దొడ్డి నుంచే వచ్చింది, మూడు పొట్టేళ్ళను అమ్మి కట్టింది. అంటే నేను టీచరునైంది ఆ మంద పుణ్యమే.

ఒక ఆదివారం మధ్యాహ్నం బావ సూర్యాపేట వచ్చాడు. ఎప్పటిలాగే సంచిలో బియ్యం తెచ్చాడు. అన్నం తిన్నాడు. పోతాడనుకుంటే పోలేదు. ఫోను జేబులోంచి తీస్తాడు, మళ్ళీ పెట్టుకుంటాడు.

"టీచరమ్మా, నీతోని ఒక పని వడ్డది. నవ్వొద్దు మరి" అన్నాడు.

"నవ్వే పనైతే నవ్వుత బావా."

"గుర్రాలది."

నిజంగానే నవ్వాను. మా వైపు గుర్రమంటే పెళ్ళి బరాత్‌లో పూలదండలేసి నిలబెట్టేదే. బావ ఆ గుర్రాన్ని కూడా దూరం నుంచే చూస్తాడు, తన్నుతుందని భయం.

"గాయన ఎవరో ఎర్కలే, నా నంబరు ఎట్ల దొరికిందో ఎర్కలే. ఒక ఆదివారం పొద్దుగాల మెసేజ్ పెట్టిండు. హైదరాబాద్ రేసుల ఫలానా గుర్రం గెలుస్తది, పైస పెట్టకు, ఉత్తగ సూడు అన్నడు. సూసిన. గెలిచింది. మల్ల ఆదివారం ఇంకో పేరు పెట్టిండు. అదీ గెలిచింది. ఇయ్యాల మూడోది. గిప్పుడే అయిపోయింది, గెలిచింది. ఇదొక్కటి గెలిచినంక ఇగ ఫిరీగ చెప్పనని పొద్దుగాలనే అన్నడు. మొత్తం సిస్టం కావాల్నంటే పైసలు కట్టాల్నట. ఒక్కసారి కడితే జిందగీ అంతా చెప్తడట."

"ఎక్కడివి బావా అన్ని పైసలు?"

బావ కిందికి చూశాడు. "మీ అక్క గొర్లు. తను ఒక్కటే మాటన్నది. చెల్లె లెక్క జేసి సరే అంటే అమ్ముకో, లేకుంటే నా మంద జోలికి రావొద్దు అన్నది."

అక్కడ ఆగి ఆలోచించాల్సింది. నేను ఆగలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఈ బావ నన్ను ఒక్క మాట కూడా సలహా అడిగిన పాపాన పోలేదు. చదువుకున్నోళ్ళకు వడ్లకూ గడ్డికీ తేడా తెలవదని పది మందిలో వెక్కిరించేవాడు. అలాంటివాడు నా ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. పెన్ను తీశాను.

"పందెంల ఎన్ని గుర్రాలు ఉరుకుతయి?"

"ఎనిమిది."

"సరే. ఏం తెలవనోడు గుడ్డిగ ఒక పేరు చెప్తే తగిలే ఛాన్సు ఎనిమిదిల ఒకటి. రెండుసార్లు వరుసగ తగలాల్నంటే అరవై నాలుగుల ఒకటి. మూడుసార్లు తగలాల్నంటే ఐదొందల పన్నెండుల ఒకటి." కాగితం తిప్పి చూపించాను. "ఇది గుడ్డిదెబ్బ కాదు బావా. వానికి ఏదో తెలుసు."

"అయితే నిజమేనా?"

"లెక్కయితే గట్లనే చెప్తుంది."

అక్క చదువుకోలేదు. అందుకని బావ ఫోనులోనే ఆమెకు వాయిస్ మెసేజ్ పెట్టాను. క్లాసులో మాట్లాడే గొంతుతో, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ పెట్టాను. "అక్కా, నేను లెక్కల టీచర్‌గ చెప్తున్న. స్వయంగ లెక్క కట్టి సూసిన. ఇది అదృష్టం కాదు. ఐదొందల పన్నెండుల ఒక్కటి. నువ్వేం భయపడకు." బావ సంతోషంగా బస్సెక్కాడు. నేను సాయంత్రం దాకా గొప్పగా తిరిగాను.

గొర్రెలను తోలుకుపోయే రోజు అక్క నన్ను రమ్మంది. వ్యాను వచ్చి దొడ్డి ముందు ఆగింది. ఒక్కొక్కదాన్ని ఎక్కిస్తుంటే అక్క ప్రతిదాని చెవినీ పట్టుకుని గాటు చూసి వదిలింది. ఏడవలేదు. ఒక ముసలి గొర్రెనన్నా ఉంచుకోవే అన్నాను. "మంద లేకుంటే గొర్రె ఒక్కతే ఉండది చెల్లె. మే మే అని ఒర్రి ఒర్రి సస్తది" అంది. దాన్ని కూడా ఎక్కించింది. వ్యాను పోయాక చేతులు కడుక్కుని, మా ఇద్దరికీ చాయ్ పెట్టింది.

బావ డబ్బు కట్టాడు. మిగిలినదానితో పందెం కాయడం మొదలుపెట్టాడు. హైదరాబాదుకు లోడు తీసుకుపోయే లారీ డ్రైవరు అతని తరఫున కట్టేవాడు. మొదటి ఆదివారం గుర్రం చివర్న వచ్చింది. సిస్టం అన్నాక ఒక్క వారం చూసి చెప్పకూడదు, నెల చూడాలి అని మెసేజ్ వచ్చింది. రెండో ఆదివారం ఓడింది. మూడోది ఓడింది. అప్పుడు, మీరు కట్టింది మామూలు ప్లాను, పెద్ద ప్లానులోకి వస్తే పోయినదంతా వస్తుంది అని ఇంకో మెసేజ్. ఛీ, ఆ మెసేజ్ నిండా దండాలు పెట్టే బొమ్మలూ, పూల బొమ్మలూ.

బావ నాకు ఫోన్ చేయడం మానేశాడు. అక్కే చేసింది. "చెల్లె, గుర్రాలు ఓడుతున్నయట. పనిల వడ్డవేమో. తీరికుంటే లెక్క మల్లొక్కసారి సూస్తవా?" అని మెల్లగా అడిగింది. తిట్టినా బాగుండేది. నేను మళ్ళీ కాగితం తీశాను. ఎనిమిది, అరవై నాలుగు, ఐదొందల పన్నెండు. లెక్కలో తప్పు ఎక్కడా దొరకలేదు.

తప్పును మా బడి అటెండరు పట్టిచ్చాడు. స్టాఫ్ రూములో తోటి టీచరుకు ఈ గోడు చెబుతున్నాను. అటెండరు చాయ్ గ్లాసులు తీస్తూ ఆగాడు.

"గా గుర్రాల మెసేజా మేడం? నాకు గూడ వచ్చింది."

"నీకా? ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. గా గుర్రం ఓడింది. మల్ల రాలే. నేను తీసి పారేసిన. గది గూడ యాది పెట్టుకుంటరా ఎవలన్న?"

అతను గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఒక కాగితం ముందుకు లాక్కున్నాను. ఐదొందల పన్నెండు మంది నంబర్లు తీసుకో. ఎనిమిది గుంపులు చెయ్యి. ఒక్కో గుంపుకు ఒక్కో గుర్రం పేరు పంపు. ఏదో ఒకటి గెలుస్తుంది. అరవై నలుగురు ఆహా అంటారు. మిగతావాళ్ళు మా అటెండరులాగా తీసి పారేసి మర్చిపోతారు. ఆ అరవై నలుగురిని మళ్ళీ ఎనిమిది గుంపులు చెయ్యి. ఎనిమిది మంది మిగులుతారు. ఇంకోసారి చేస్తే ఒక్కడు మిగులుతాడు. ఆ ఒక్కడికి మూడు ఆదివారాలూ గెలుపే కనబడింది. ఆ ఒక్కడు మా బావ. పంపేవాడికి గుర్రాల గురించి ఏమీ తెలియనక్కర్లేదు, గుర్రానికి ఎన్ని కాళ్ళుంటాయో కూడా తెలియనక్కర్లేదు. కావలసిందల్లా వేలకొద్దీ ఫోను నంబర్లూ, సిగ్గులేని మొహమూ.

పాతికేళ్ళు ఎవడిచ్చిన మచ్చూ ముట్టని మా బావ, అమ్మేవాడే ఏరి చేతిలో పెట్టిన మూడు గింజలు కొరికి చూసి బస్తా కొన్నాడు. ఆయన్ని అనడానికి నాకేం హక్కుంది? ప్రతి ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు బల్ల గుద్ది చెబుతాను, సంభావ్యత లెక్కలో ముందు అడగాల్సింది 'మొత్తం ఎంతమంది?' అని. అక్క మంద నా మాట మీద ఆధారపడి ఉన్న రోజున నేను ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు. నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

ఇది ఇక్కడితో అయిపోయినా బాగుండేది. తర్వాతి వారం టీచర్ల శిక్షణకని కోదాడ వెళ్ళాను. మధ్యాహ్నానికే వదిలేశారు. బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీంచి ఒక ఆడగొంతు వినబడింది. "నేను లెక్కల టీచర్‌గ చెప్తున్న. స్వయంగ లెక్క కట్టి సూసిన. ఇది అదృష్టం కాదు." 'అక్కా' అన్న ముక్క కత్తిరించేశారు. మిగతా అంతా నేనే.

గ్లాసు బల్ల మీద పెట్టి అటు తిరిగాను. నలభై ఏళ్ళ మనిషి, చేతులకు గ్రీజు. మోటార్లు రిపేరు చేస్తాడని తర్వాత తెలిసింది. చాయ్ హోటలాయనకు ఫోను చెవి దగ్గర పెట్టి వినిపిస్తున్నాడు. "వినన్నా, ఎవరో టీచరమ్మంట. లెక్కలేసి మరీ చెప్పింది" అంటున్నాడు.

లేచి వెళ్ళాను. "ఆ గొంతు నాదేనండీ" అన్నాను.

అతను నా మొహం చూశాడు, ఫోను చూశాడు, లేచి నిలబడ్డాడు. "మీరేనా మేడం! అబ్బ, దేవుడే పంపినట్టు వచ్చారు. మా ఆవిడ నమ్మట్లేదు మేడం, గాజులు ఇయ్యనంటంది. ఒక్క మాట మీరు చెప్పండి, ఫోన్ కలుపుతా."

"అది మోసం. గాజులు తీసుకోకండి. నేను తప్పు చెప్పాను."

"లెక్క తప్పా మేడం?"

"లెక్క తప్పు కాదు..."

"మరింకేంటండీ?"

చెప్పాను. గుంపులు చేయడం, అరవై నాలుగు, ఎనిమిది, అంతా చెప్పాను. మొన్న ఆదివారం మీకు ఏ గుర్రం పేరు పంపాడని అడిగాను. చూపించాడు. అది గెలిచిందట. అదే పందెంలో మా బావకు డబ్బు తీసుకుని వేరే గుర్రం పేరు పంపాడు, అది ఓడిందని అక్క చెప్పింది. ఒకే మనిషి, ఒకే పందెం, రెండు పేర్లు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"మీ బావగారిది పాత ప్లానేమో మేడం" అన్నాడు. కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. గొంతు మారింది. "మీరు నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక మమ్మల్ని వద్దంటున్నారా? అందరికీ తెలిస్తే మీకు తగ్గుద్దనా?"

ఫోనులో ఉన్న టీచరమ్మ నాకంటే గట్టిగా, ధైర్యంగా మాట్లాడుతోంది. అతను ఆమెనే నమ్మాడు. చాయ్ డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో గాజులు ఉన్నాయో పోయాయో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడే నిలబడి ఆ సిస్టం వాడికి ఫోన్ చేశాను. బావ ఎప్పుడో నంబరు ఇచ్చాడు. నేను ఎవరో చెప్పానో లేదో, వాడు ఎంతో మర్యాదగా అందుకున్నాడు.

"మేడం గారూ, మీరు చేస్తారనే అనుకుంటున్నానండీ. డబ్బు కట్టినవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మీ బావగారు పెట్టారు మీ మెసేజ్. మీ గొంతు విని చాలామంది చేరారండీ. మా వాళ్ళు మాట్లాడితే అంత నమ్మకం రాదు."

"నీ నోట్ల మన్ను వడ. గొర్రెలమ్ముకున్న ఇల్లు అది, తెలుసా నీకు?"

"తెలుసండీ, మీ బావగారు చెప్పారు. అక్కగారి గొర్రెలంటగా. నాకూ బాధగానే ఉంది." నిజంగానే బాధపడుతున్నట్టు ఒక నిట్టూర్పు కూడా విడిచాడు వెధవ. "ఒక పని చేద్దాం మేడం. ఇంకొక్క మెసేజ్ పెట్టండి. మా బావగారు లాభంలో ఉన్నారు, గొర్రెలు మళ్ళీ కొన్నారు అని, అంతే. అర నిమిషం. బావగారు కట్టిందంతా వాపస్ ఇచ్చేస్తా. రేపటికల్లా."

ఫోను పెట్టేశాను. చేతులు కడుక్కోవాలనిపించింది. బస్టాండులో కుళాయి కనబడితే నిజంగానే కడుక్కున్నాను.

సూర్యాపేట బస్సు ఎక్కలేదు. మిర్యాలగూడ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో అక్క వాళ్ళ ఊరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊళ్ళోవాళ్ళ మందలు ఇళ్ళకు వస్తున్నాయి. అక్క ఖాళీ దొడ్డి ఊడుస్తోంది. ఊడవడానికి అందులో ఏముంది? అలవాటు. బావ గడప మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ అన్నీ చెప్పాను. అటెండరు సంగతి, ఐదొందల పన్నెండు మంది సంగతి, కోదాడ మనిషి సంగతి, చివరికి వాడు అడిగిన మెసేజ్ సంగతి.

బావ తలెత్తాడు. "ఇస్తనన్నడా? అంతా?"

"బావా!"

"ఒక్క మెసేజే గద టీచరమ్మా. ఇప్పటికే ఒకటి తిరుగుతనే ఉన్నది. ఇంకోటైతే ఏమైతది?"

"సిగ్గు లేదా నీకు?"

"సిగ్గుతోని గొర్లొస్తయా?" అన్నాడు. ఆ మాట అన్నాక ఆయన మొహం చూడలేకపోయాను. వడ్ల గింజ కొరికి నిజం చెప్పే నోరు అది.

ఆ మెసేజ్ నేను పంపలేదు. కానీ పంపలేదని గొప్పగా చెప్పుకునే మొహం నాకు లేదు. ఉన్నదున్నట్టు రాస్తాను. నేను ఫోను తీశాను. వాడి నంబరు తెరిచాను. గొర్రెలు మళ్ళీ దొడ్డిలోకి వస్తాయి, అక్క నా వంక మునుపటిలాగా చూస్తుంది, అర నిమిషం పని అనుకున్నాను. బొటనవేలు మైకు గుర్తు మీద పెట్టాను. మొదటి మాట కూడా మనసులో కూర్చుకున్నాను, అదే క్లాసు గొంతుతో.

అక్క ఊడవడం ఆపింది. చీపురు పట్టుకుని దొడ్డి మధ్యలో నిలబడి నన్ను చూసింది. కోపం లేదు ఆ మొహంలో. తెలియక అడుగుతున్నట్టే అడిగింది.

"నాకు జెప్పినట్టే జెప్తవా చెల్లె?"